తెల్లారుజామున గుంటనక్క పిల్లల ఫోటోలు తీయాలి: ఎక్కడ కూర్చోవాలి, సెట్టింగులు ఏంది?

కనిగిరి_బీడు:

నమస్తే అందరికీ. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. మా బాబాయి చేను పక్కన పెద్ద బీడుంది, అంతా రేగు కంప, చిల్లచెట్లు, మధ్యలో ఎర్రమట్టి దిబ్బ. ఆ దిబ్బలో గుంటనక్క పిల్లల్ని పెట్టింది. గొర్రెలు మేపే తాత చూపించాడు కాబట్టి తెలిసింది. నక్క కాదు గుంటనక్కే, సన్నగా చిన్నగా ఉంది, తోక చివర నల్లగా ఉంది. పిల్లలు మూడు కనపడతన్నాయి. పొద్దు పొడవకముందే బయటికొచ్చి ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతన్నాయి, ఒకటేమో ఎండిపోయిన పేడ ముక్క నోట కరుచుకోని ఉరుకుద్ది, మిగతా రెండూ దాని ఎనకాల. తల్లి కాస్త పక్కన కంప మొదట్లో పడుకోని చూస్తా ఉంటది. నేను చేని గట్టు మీద నుంచి చూస్తన్నా, దూరం ఒక డెబ్భై ఎనభై అడుగులు ఉంటదేమో.

నా దగ్గర కానన్ 200డీ, 55-250 లెన్స్ ఉన్నాయి. మసక ఉండంగా తీస్తే ఫోటో అంతా ఇసక చల్లినట్టు వస్తంది, ఉరికేటప్పుడు తీస్తే సాగిపోయినట్టు వస్తంది, ఎండ బాగా వచ్చాక తీద్దామంటే పిల్లలు లోపలికి పోతన్నాయి. ఏడున్నర దాటితే ఎట్టాగూ బీడంతా తెల్లగా పాలిపోయి పడతంది. నాక్కావాల్సింది ఆ మధ్యలో ఉండే నీరెండ, అది పిల్లల చెవుల మీద, ఈపు మీద పడినప్పుడు వచ్చే రంగు. కంటికి కనపడతంది, కెమెరాలోకి రావట్లా.

ఎంత దూరంలో కూర్చోవాలి, ఏ వైపు కూర్చోవాలి, సెట్టింగులు ఏం పెట్టాలి చెప్పండి. ఇంకోటి, మా ఫ్రెండు ఒకడు గుంట దగ్గర కోడి ముక్కలు ఏస్తే ఎండొచ్చేదాకా బయటే ఉంటాయి అంటన్నాడు. నాకు మనసొప్పట్లా కానీ చేయొచ్చా లేదా అనేది తెలిసినోళ్ళు చెప్తే బాగుంటది. ఇట్టా తీయడానికి ఫారెస్టోళ్ళ పర్మిషన్ ఏమన్నా కావాల్నా?

పెన్నగట్టు:

తమ్ముడూ, ముందు వెలుతురు సంగతి చెప్తా, ఎందుకంటే సెట్టింగులన్నీ దాన్నిబట్టే ఉంటాయి. మన నెల్లూరు ప్రకాశం వైపు పొద్దు దాదాపు నిటారుగా లేస్తది. ఎక్కడో చలి దేశాల్లో తీసిన వీడియోలు చూసి గంటన్నర దాకా బంగారు వెలుగు ఉంటదనుకోబాక, అక్కడ సూర్యుడు ఏటవాలుగా పాక్కుంటా లేస్తాడు కాబట్టి ఉంటది. మన దగ్గర గంటకి పద్నాలుగు పదిహేను డిగ్రీలు పైకి పోతాడు. అంటే నువ్వు చెప్పే ఆ రంగు, సూర్యుడు ఆరు డిగ్రీలు లేచేదాకా అనుకుంటే, పొద్దు పొడిచిన కాడ్నించి పాతిక నిమిషాలు, మహా అయితే ముప్పావు గంట. తూర్పున మబ్బు తెరలాగా ఉన్నా, గాల్లో తేమ ఉన్నా ఇంకాసేపు మెత్తగా ఉంటది. మార్చి మధ్యలో మనకి ఆరుంబావు అప్పుడు పొద్దు పొడుస్తది, ఏప్రిల్ మధ్యకి ఆరు. కాబట్టి నువ్వు ఆరింటికి బయల్దేరడం కాదు, అయిదింటికల్లా కూర్చోనుండాలి, చీకట్లోనే. ఎలుతురు కోసమే కాదు, పిల్లలు బయటికొచ్చాక నువ్వు నడిచొస్తే అవి నిన్ను చూస్తాయి. నువ్వు ముందే రాయిలాగా కూర్చోనుంటే అవి నిన్ను లెక్కబెట్టవు.

ఏ వైపు అంటే, గాలి చూడు. గుప్పెడు మెత్తటి దుమ్ము తీసుకోని మెల్లగా వదిలితే ఎటు పోతందో తెలుస్తది. మార్చి ఏప్రిల్ లో ఎక్కువగా దక్షిణం గాలి ఉంటది గదా, అట్టాంటప్పుడు గుంటకి ఉత్తరం పక్క కూర్చో. గాలి గుంట మీదగా నీ వైపు వస్తది, నీ వాసన తల్లికి పోదు. నువ్వు దక్షిణానికి తిరిగి కూర్చుంటావు కాబట్టి పొద్దు నీ ఎడమచేతి వైపు నుంచి పొడుస్తది, అంటే పిల్లల మీద పక్క నుంచి వెలుగు పడుద్ది. పక్క వెలుగులో ఒక పక్క బొచ్చు మెరుస్తది ఇంకో పక్క కాస్త నీడ ఉంటది, పిల్ల గుండ్రంగా కనపడుద్ది. వీపు సూర్యుడికి పెట్టి తీస్తే అంతా ఒకే తీరుగా చదునుగా పడుద్ది, పైగా ఆ టైంలో నీడ ఎంత పొడుగుంటదో తెలుసు గదా, నీ నీడే పొయ్యి వాటి దగ్గర పడుద్ది. గాలి వేరే వైపు నుంచి వస్తంటే ఆ రోజుకి చోటు మార్చు, చోటు కుదరకపోతే ఆ రోజు తీయబాక.

సెట్టింగులు: టీవీ మోడ్ (డయల్ మీద Tv అని ఉంటది) పెట్టుకో, షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాల్నో నువ్వు పెట్టు, ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపించాలనేది, ఆటోలో పెట్టి పై హద్దు 6400 ఇయ్యి. ఎలుతురు తక్కువున్నప్పుడు లెన్స్ దానంతటదే పూర్తిగా తెరుచుకుంటది, నీ లెన్స్ కి 250 దగ్గర ఎఫ్ 5.6. పొద్దు పొడవకముందు పిల్లలు కూర్చోనున్నప్పుడో పాలు తాగేటప్పుడో 1/250 చాలు. ఎండ పొడ తగిలాక ఆడుకునేటప్పుడు 1/800, ఇంకా ఉరుకుతుంటే 1/1000. ఇసక చల్లినట్టు వస్తంది అన్నావే, దానికి ఐఎస్ఓ ఒక్కటే కారణం కాదు, ఫోటో చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్లో పైకి లేపితే ఇంకా ఎక్కువ వస్తది. తీసేటప్పుడే సరిపడా వెలుతురు పట్టేట్టు తియ్యి, ఐఎస్ఓ 3200 వచ్చినా పర్లేదు. జేపెగ్ వద్దు, రా ఫైల్ లో (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైల్) తియ్యి, ఇప్పుడు నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లు బ్రహ్మాండంగా ఉండాయి, సాగిపోయిన ఫోటోని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా బాగు చెయ్యలేదు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ పసుపు ఎక్కువైందనుకోని చల్లార్చేస్తది, కంటికి కనపడే రంగు కెమెరాలోకి రావట్లా అన్నావే, అదీ ఒక కారణమే. డేలైట్ లో పెట్టి వదిలెయ్.

దూరం గురించి లెక్క చెప్తా విను. నీ కెమెరా సెన్సార్ వెడల్పు 22 ఎంఎం చిల్లర. 250 దగ్గర ముప్పై మీటర్ల నుంచి తీస్తే ఫ్రేమ్ లో రెండు మీటర్ల డెబ్భై సెంటీమీటర్ల వెడల్పు పడుద్ది. పిల్ల ఒక అడుగు పొడుగు అనుకో, ఫ్రేమ్ లో పదో వంతు కంటే కాస్త ఎక్కువ. చిన్నదిగా ఉంటది, నిజమే. దానికి దగ్గరికి పోవడం మార్గం కాదు. దిబ్బ, రేగు కంప, ఎర్రమట్టి, ముగ్గురు పిల్లలు, వెనకాల తల్లి, ఇవన్నీ కలిపి ఫ్రేమ్ కట్టు. మొహం ఒక్కటే నింపిన ఫోటో జూలో తీసినా వస్తది. మన బీడు, మన మట్టి, అందులో గుంటనక్క సంసారం కనపడే ఫోటో నీకే వస్తది, ఎందుకంటే ఆ బీడు పక్కన ఉన్నది నువ్వు.

ఇంకొక్క మాట. నీ 200డీకి స్క్రీన్ బయటికి తిరుగుద్ది గదా, కెమెరాని నేల మీద పెట్టి స్క్రీన్ పైకి తిప్పుకోని చూడు. పిల్ల కంటి ఎత్తులో లెన్స్ ఉండాల. గట్టు మీద నిలబడి కిందకి తీసినవన్నీ వీపులే పడతాయి. స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించుకో, చీకట్లో నీ మొహం మీద పడి దూరానికి కనపడుద్ది.

కావలి_జువాలజీ:

పెన్నగట్టు గారు వెలుతురు గురించి చెప్పినదానికి నేను కలపాల్సిందేం లేదు. నేను తల్లి గురించి చెప్తాను, ఎందుకంటే ఎంత దూరంలో కూర్చోవాలో మీటర్లలో ఎవరూ చెప్పలేరు బాబూ, అది తల్లే చెప్తది.

గుంటనక్కలు మన దగ్గర చలికాలంలో జత కడతాయి, కడుపు యాభై రోజులు చిల్లర, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు పిల్లలు పుడతాయి, మామూలుగా రెండు నుంచి నాలుగు. తండ్రి కూడా ఉంటాడు, తిండి తెస్తాడు, కాపలా కాస్తాడు. నువ్వు ఒక్క తల్లినే చూస్తున్నావేమో, రెండోది ఎక్కడో కంపలో నుంచి నిన్ను చూస్తా ఉండొచ్చు. ఒక దిబ్బకి రెండు మూడు బొక్కలు ఉంటాయి, మంచి దిబ్బ అయితే ఏటేటా అదే వాడతాయి. అంటే ఈ ఏడు నువ్వు వాటిని బెదరగొట్టకుండా ఉంటే వచ్చే ఏడు కూడా అక్కడే పిల్లల్ని పెట్టే అవకాశం ఉంది.

నువ్వు కూర్చున్నాక తల్లి ఒక్కసారి నీ వైపు చూసి, మళ్ళీ తల కాళ్ళ మీద పెట్టుకోని పడుకుంటే ఆ దూరం దానికి సమ్మతమే. పిల్లలకి పాలిస్తున్నా, వాటిని నాకుతున్నా ఇంకా మంచిది. చెవులు రెండూ నిలబెట్టి నీ వైపే చూస్తా కదలకుండా ఉండిపోయిందనుకో, నువ్వూ కదలబాక, కెమెరా కూడా ఎత్తబాక. ఎలకనో తొండనో నోట్లో పెట్టుకోని వచ్చి గుంట దగ్గరికి రాకుండా చుట్టూ తిరగతంటే నీ వల్లే అది పిల్లలకి తిండి పెట్టలేకపోతందని అర్థం. పొట్టిగా మొరిగిందంటే పిల్లలు చటుక్కున లోపలికి దూరతాయి. ఈ చివరి రెండిట్లో ఏది చూసినా వెనక్కి వచ్చెయ్యాలి, ఆ పూటకి అంతే. ఇంకా కూర్చుంటే అది పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకోని వేరే గుంటకి మారుస్తది. ఆ మార్చేటప్పుడే పిల్లలు చస్తాయి, ఊరకుక్కలకి దొరికేది అప్పుడే.

కుక్కల సంగతి ఇంకొంచెం చెప్పాలి. గుంటనక్కకి మన పల్లెల్లో చిరుతపులి భయం లేదు, కుక్కల భయం ఉంది. నువ్వు రోజూ పోతుంటే ఊళ్ళో కుక్క ఏదో ఒకటి నీ వెనకాల వస్తది, నువ్వు గమనించకపోయినా. అది ఆ దారి నేర్చుకుంటది. కాబట్టి ఇంటి దగ్గర్నుంచి బయల్దేరేటప్పుడు కుక్క వెంట రాకుండా చూసుకో, రోజూ ఒకే దారిలో పోబాక, గుంట దగ్గరికి అసలు పోబాక, పిల్లలు లోపల ఉన్నప్పుడు కూడా, ఫోన్ లోపల పెట్టి తీద్దామని కూడా వద్దు. కుక్కల నుంచి వచ్చే రోగాలు కూడా వీటికి తగులుకుంటాయి, డిస్టెంపర్ లాంటివి.

కోడి ముక్కలు ససేమిరా వద్దు. ఆ వాసనకి ముందు వచ్చేది కుక్కలే. రెండోది, మనిషి ఉన్నచోట తిండి దొరుకుద్దని పిల్లలకి అలవాటైతే రేపు అవే ఊళ్ళోకొచ్చి దెబ్బలు తింటాయి. మూడోది చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం, తరమడం, ఎర వెయ్యడం కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. మీ బాబాయి చేని గట్టు మీద కూర్చోని దూరం నుంచి ఫోటో తీసుకోవడం తప్పేం కాదు. అదే అభయారణ్యం లోపల అయితే ఫోటోగ్రఫీకి పర్మిషన్ తీసుకోవాల, గుండ్ల బ్రహ్మేశ్వరం వైపు గానీ పెనుశిల నరసింహ అభయారణ్యంలోకి గానీ పోయేట్టయితే ముందే ఫారెస్ట్ ఆఫీసులో అడిగి పో.

జుడిపి_మంద:

అన్నలు అక్కలు అన్నీ చెప్పారు, నాదొక చిన్న సలహా. గుంటనక్క దగ్గర కెమెరా నేర్చుకోవడం కాదు, నేర్చుకోని పోవాల. మీ తాత గొర్రెల మంద ఉంది గదా, తెల్లారి దొడ్డి తలుపు తీసేటప్పుడు గొర్రెపిల్లలు ఎట్టా గెంతుతాయో తెలుసు గదా, నాలుక్కాళ్ళూ ఒకేసారి నేలనొదిలేస్తాయి. అక్కడ కూర్చోని తియ్యి. నెల్లూరు జుడిపి అయితే మరీ మంచిది, ఒళ్ళు తెల్లగా ఉండి కళ్ళ చుట్టూ మూతి దగ్గర నలుపు ఉంటది, నీరెండలో ఆ తెలుపు మాడిపోకుండా ఆ నల్లటి మచ్చలో ఉండే కన్ను కనపడేట్టు తీయడం వచ్చిందంటే గుంటనక్క రంగుకి నీకు ఏ ఇబ్బందీ ఉండదు. తెల్ల పిల్లకి ఎక్స్‌పోజర్ ఎంత పెట్టాల్నో, ఎర్రమట్టి మీద ఎంత పెట్టాల్నో నీ చేతికే తెలుస్తది. ఫోకస్ కూడా అంతే, ఒక్క పాయింట్ పెట్టుకోని కంటి మీద పట్టడం అలవాటు కావాల. గొర్రెపిల్ల బెదిరినా నష్టం లేదు, తల్లి దగ్గరికి పోద్ది, మళ్ళీ వస్తది.

ట్రైపాడ్ మోసుకోని పోబాక, చీకట్లో కంపలో కాళ్ళు తగిలి చప్పుడు. పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి రెండు పక్కలా కుట్టి లోపల వరి ఊక పోసుకో, లెన్స్ దాని మీద పెట్టుకుంటే కదలదు. ఇసక పోస్తే బరువు, ఊక అయితే చంకలో పెట్టుకోని పోవచ్చు.

కనిగిరి_బీడు:

అందరికీ చాలా థాంక్స్. అక్కా మీరు చెప్పినయ్యి చదివాక తల్లి ఏం చేస్తందో అనే చూస్తన్నా. గట్టు మీద ఉంటే అది పడుకునే ఉంటంది కానీ నేను లేచి నిలబడితే మాత్రం తల ఎత్తుద్ది. అంటే కూర్చుంటే ఒప్పుకుంటంది, నిలబడితే ఒప్పుకోవట్లా అనే గదా?

కోడి ముక్కల సంగతి మా వాడికి గట్టిగా చెప్పేశా.

రెండు డౌట్లు. ఒకటి, గుంటకి ఉత్తరం పక్కన గట్టు లేదు, చదునుగా ఉంది, ఒక్క చిల్లచెట్టు ఉంది. దాని కింద కూర్చోవచ్చా, తడిక లాంటిది ఏమన్నా కట్టుకోవాల్నా, లేకపోతే బాబాయి కారు తెచ్చి ఆపుకోని అందులోంచి తీయొచ్చా? రెండోది, కొన్ని ఫోటోల్లో చూశా, జంతువు చుట్టూ వెలుగు అంచులాగా మెరుస్తా ఉంటది, అది ఎట్టా వస్తది?

మైపాడు_అల:

తమ్ముడూ నేను సముద్రం పక్కోడిని, గుంటనక్కలు నాకు తక్కువ తెలుసు, కానీ ఆ వెలుగు అంచు గురించి చెప్పగలను, మాకు తాబేలు పిల్లల దగ్గర రోజూ అదే పని. అంచు మెరవాలంటే జంతువు నీకూ సూర్యుడికీ మధ్యలో ఉండాల. ఎనకాల చీకటిగా ఉన్నది ఏదన్నా ఉండాల, కంపో చెట్ల వరసో, అప్పుడే అంచు కనపడుద్ది, ఎనకాల తెల్లటి ఆకాశం ఉంటే అందులో కలిసిపోద్ది. సూర్యుడు లేచిన మొదటి పదిహేను నిమిషాల్లోనే బాగుంటది. ఎక్స్‌పోజర్ ఒకటిన్నర స్టాపు దాకా (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగం అవుద్ది) తగ్గించి చూడు, మొహం కాస్త చీకటైనా పర్లేదు. పెన్నగట్టు అన్న పక్క వెలుగు అన్నాడు, నా మటుకు నాకు ఎదురు వెలుగే ఇష్టం, పిల్ల జంతువులకి ఒంటి మీద నూగు ఎక్కువ ఉంటది కాబట్టి పెద్దవాటికంటే వీటికే ఆ అంచు బాగా వస్తది. చెవుల్లోంచి ఎర్రగా వెలుతురు దాటి కనపడుద్ది, సన్నటి నరాలు కూడా కనపడతాయి.

తాబేళ్ళ గురించి కూడా చెప్తా, ఎవరికన్నా పనికొస్తది. మన తీరంలో ఆలివ్ రిడ్లీలు చలికాలం చివర్లో గుడ్లు పెడతాయి, ఒక్కో గుంటలో వంద గుడ్ల దాకా, నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వస్తాయి. ఎక్కువ రాత్రిపూట, తెల్లారుజామున బయటికొస్తాయి, హేచరీలోళ్ళు కూడా చల్లగా ఉన్నప్పుడే వదులుతారు. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, పిల్లలు సముద్రం వైపే పోతాయి, అంటే ఎనకనుంచి తీస్తే డిప్పలు తప్ప ఏం కనపడవు, ముందుకి పోతే వాటి దారికి అడ్డం. పక్కకి జరిగి తడి ఇసక మీద బోర్లా పడుకోని తీస్తే పిల్ల కన్ను, ముందు రెక్క, దాని కింద తడి ఇసకలో నీడ, మూడూ వస్తాయి. ఫ్లాష్ వద్దు, టార్చి వద్దు, సెల్ ఫోన్ లైటు కూడా వద్దు. వాటికి దారి తెలిసేదే వెలుతురుని బట్టి, ఎటు ఎక్కువ వెలుగుంటే అటు పోతాయి, నీ లైటు చూసి రోడ్డు వైపు తిరుగుతాయి. ఇంకా ఒకటి చాలామందికి తెలీదు, మెత్తటి ఇసకలో మన అడుగు పడితే ఆ గుంటలో పిల్ల పడిపోయి ఎక్కలేక తన్నుకుంటా ఉంటది. అది బయటికొచ్చేలోపల కాకి వచ్చేస్తది. వాటి దారిలో నడవడానికి లేదు, ముందే ఒక పక్కన కుదురుగా ఉండాల.

లెన్స్ మంచు పట్టడం గురించి ఎవరూ చెప్పలా. మా వైపు ఏసీ గదిలోంచి కెమెరా తీసుకోని తెల్లారి బయటికొస్తే అద్దం మీద తేమ పట్టేస్తది, తుడిచేకొద్దీ వస్తది, అది పోయేలోపల వెలుగు పోద్ది. రాత్రే బ్యాగులో పెట్టి వసారాలో పెట్టుకో. కనిగిరిలో తేమ తక్కువే కానీ వానపడిన మర్నాడు అక్కడా పడుద్ది.

పెన్నగట్టు:

ఎదురు వెలుగు గురించి మైపాడు తమ్ముడు చెప్పింది నిజమే, అందంగా ఉంటది. కానీ కనిగిరి తమ్ముడికి గాలి లెక్క అడ్డం వస్తది. ఎదురు వెలుగు కావాలంటే గుంటకి పడమర పక్క కూర్చోవాల. తూర్పు గాలి ఉన్న రోజు అది కుదురుద్ది, ఆ రోజు కోసం చూడు. పడమర గాలి వీస్తుంటే నీ వాసన సూటిగా గుంటలోకి పోద్ది, ఆ రోజు అటు కూర్చోబాక. తీరం దగ్గర అయితే తెల్లారి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతా ఉంటది, మా ఊరి దగ్గర ఎదురు వెలుగు అంత తేలిగ్గా దొరకదు, అందుకే నేను పక్క వెలుగుకి అలవాటు పడ్డా.

కారు గురించి. కారు అలవాటున్న చోట అయితే కారంత మంచి చాటు లేదు, రోడ్డు పక్క జంతువులు కారుని పట్టించుకోవు, తలుపు తీసి దిగిన మరుక్షణం పారిపోతాయి. మీ బీడులోకి కారు ఎప్పుడూ రాదు గదా, అక్కడ అది వింత. ట్రాక్టర్ రోజూ తిరిగే చోటైతే ట్రాక్టర్ ట్రక్కు చాటున కూర్చోవచ్చు. నీకు ఆ చిల్లచెట్టే మేలు. పగటిపూట, పిల్లలు లోపల ఉన్నప్పుడు, ఒకేసారి పొయ్యి పెద్దగా తడికలు కట్టబాక. ఈ రోజు రెండు తాటాకులు, రెండు మూడు రోజులు ఆగి ఇంకో రెండు, అట్టా పెంచితే అది చెట్టులో భాగం అయిపోద్ది. తల్లి ఆ కొత్త ఆకుల్ని చూసి ఎట్టా ఉందో ముందు గట్టు మీద నుంచే గమనించు, దానికి ఇబ్బంది లేదనిపించాకే లోపల కూర్చో. పిల్లలు ఉన్నంతకాలం కొమ్మలు నరకబాక. మట్టి రంగు పాత దుప్పటి ఒకటి కప్పుకో, నెత్తిమీదగా లెన్స్ దాకా. మనిషి ఆకారం తెలియకూడదు, అదే ముఖ్యం. పౌడర్లు సెంట్లు వద్దు, దోమల మందు కూడా పూసుకోబాక, నిండు చేతుల చొక్కా ఏసుకో. చీకట్లో పోతావు కాబట్టి కాలికి బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి, మార్చి నుంచి పాములు బాగా తిరుగుతాయి, పోయేదాకా చిన్న టార్చి నేల మీదకి ఏసుకోని నడువు, చెట్టు దగ్గరికి ఇంకా దూరం ఉండంగానే ఆర్పెయ్. ఇంట్లో ఎవరికన్నా చెప్పి పో.

కూర్చున్నాక లేవడం గురించి. పిల్లలు బయట ఉన్నప్పుడు లేవబాక. ఎండెక్కి అవంతట అవి లోపలికి పోయి, తల్లి కూడా పక్కకి పోయాకే లే. నువ్వు నిలబడితే తల ఎత్తతంది అన్నావు గదా, నువ్వు అర్థం చేసుకున్నది సరైందే.

కావలి_జువాలజీ:

కూర్చోడం నిలబడ్డం తేడా బాగా పట్టావు బాబూ. తాతకి కూడా ఒక మాట చెప్పి పెట్టు, గొర్రెలతో ఆయన రోజూ పోయే మనిషి, ఆయన్ని అవి ఎరుగుదురు. ఆయన కుక్కని తీసుకెళ్తాడేమో కనుక్కో, తీసుకెళ్తుంటే ఈ రెండు నెలలు ఆ దిబ్బ వైపు మళ్ళించకుండా ఉండమని అడుగు. ఎవరన్నా ఎలకల కోసం ఆ చుట్టుపక్కల బొక్కల్లో మందు పెడుతున్నారేమో కూడా చూడు. మందు తిన్న ఎలకని తల్లి పిల్లలకి తెచ్చి పెడుతుంది. చేలల్లో ఎలకల్ని తినేది ఈ గుంటనక్కే గదా, రైతుకి మేలు చేసేదే, మీ బాబాయికి అట్టా చెప్తే అర్థం చేసుకుంటాడు.

దిబ్బ కాకుండా, తీయడం బాగా వచ్చాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో ఒకసారి దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకి పో. 1976లో పక్షుల రక్షిత కేంద్రం అయింది, 2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ మనోళ్ళందరూ ఇప్పటికీ నెల్లూరు నేలపట్టు అనే అంటారు. చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి, పిల్ల గూడబాతు తల్లి నోటి సంచిలోకి మెడదాకా తల దూర్చి చేపలు తింటది, వాచ్ టవర్ మీద నుంచి బాగా కనపడుద్ది. నీ 250 లెన్స్ తో కూడా ఫోటోలు వస్తాయి, గూళ్ళని కదిలించే అవసరమే లేదు. ఆ ఊరోళ్ళు ఆ పక్షుల్ని తరతరాలుగా కాపాడుతున్నారు, రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలాలకి ఎరువు, అందుకని.

కనిగిరి_బీడు:

నేలపట్టు ఖచ్చితంగా పోతా అక్కా. మందు సంగతి బాబాయిని అడిగా, మా చేలో పెట్టలా, పక్క చేనోళ్ళని కూడా అడుగుతా అన్నాడు. మంచి ఫోటోలు వస్తే ఇక్కడ పెట్టొచ్చా? ఊరి పేరు కూడా పెడితే మా ఊరోళ్ళు సంతోషిస్తారు.

పెన్నగట్టు:

ఫోటోలు పెట్టు, మేమంతా చూడాల. ఊరి పేరు మాత్రం పిల్లలు పెద్దయి గుంట వదిలేదాకా పెట్టబాక, మూడు నాలుగు నెలలు ఆగు. కనిగిరి ప్రాంతం అంటే చాలు. ఫోన్ తో తీసినవి ఉంటే లొకేషన్ ఆఫ్ చేసి తియ్యి, లేకపోతే ఫోటోలోనే ఆ చోటు నమోదై ఉంటది, దాన్ని పట్టుకోని ఎవరైనా సూటిగా దిబ్బ దగ్గరికి వచ్చేస్తారు. ఎనకాల కొండ గానీ సెల్ టవర్ గానీ పడితే ఆ భాగం కత్తిరించి పెట్టు. తాత పేరు కూడా వద్దు, ఆయన్ని వెతుక్కుంటా వస్తారు.

రా ఫైల్ ఒకటి రెండు నాకు పంపితే రంగు ఎట్టా సరిచేయాల్నో చేసి చూపిస్తా.